కంటి కొసన

మొదటిసారి ఆవిడ మా క్లినిక్కి వచ్చిన రోజు
బూట్ల నిండా ఉప్పుబురద.
నేల తుడిచే బ్రెండా గొణిగింది.
"గడ్డం ఇక్కడ ఆనించండి" అన్నాను.
ఆనించిన ఆ గడ్డం కింద
ఎండిపోయిన నీలిరంగు మరక.

హెస్టర్ గాథర్‌కోల్. డెబ్భై ఆరేళ్ళు.
వృత్తి అన్న గడిలో "పిట్టలు" అని రాసింది.

గళ్ళకాగితం చూపించి
నడిమి చుక్కని చూడమన్నాను.
"చుక్క లేదే" అంది.
"చుక్క ఉండాల్సిన చోట
ఎవరో తడివేలితో రుద్దినట్టుంది."
జబ్బు పేరు డాక్టర్ చెప్పాడు.
చూపు నడిబొడ్డున మచ్చ, అది పెరుగుతుంది,
అంచులు మాత్రం మిగులుతాయి.
నేను టిష్యూల డబ్బా దగ్గరికి జరిపాను.
ఆవిడ ఒకటి లాక్కుని
బూటు తుడుచుకుంది.

ఆదివారం నాకు సెలవు.
వెల్స్ దాటాక బస్సు దిగి కరకట్ట వెంట నడిస్తే
పాత పడవల షెడ్డు, అదే ఆవిడ ఇల్లు.
తలుపుకి గొళ్ళెం లేదు,
విరిగిన తెడ్డు ముక్క అడ్డం పెట్టి ఉంటుంది.
రంగు ట్యూబుల మీది పేర్లు ఆవిడకి ఇక అందడం లేదు.
పెద్దక్షరాల చీటీలు అంటించి వస్తానని వెళ్ళాను.

ట్యూబు మూత తీసి నా గోటి మీద చుక్క పెట్టింది.
"దీన్ని మీ అమ్మ ఏమంటుంది?"
ఉల్లిపొర రంగు, అన్నాను.
తరవాతది నేరేడు. ఆ తరవాతది కాలిన ఇటుక.
ఇంకొకటి ముసురు పట్టిన మధ్యాహ్నం.
ఇది అమ్మది కాదు,
అక్కడే, ఆ బల్ల మీదే పుట్టింది.
చీరల కొట్లో తప్ప నేనెన్నడూ పలకని మాటలు
ఆవిడ ఒక్కోటీ నోట్లో వేసుకుని నమిలి చూసింది.
"గచ్... చ... కాయ.
బ్రెంట్ బాతు పొట్ట కింద రంగు అదే.
నలభై శీతాకాలాలుగా పేరు లేకుండా కలుపుతున్నా."

సముద్రం పాటు మీద ఉంది.
వాగులన్నీ ఖాళీ, బురద మీద ఉల్లంకుల కుట్టుపని.
కట్ట మీద గడ్డిలో గడ్డిలాగే కూచున్నదాన్ని
నేనే ముందు చూశాను.
"అదిగో, చెవులపిల్లి!" అని వేలు చాపాను.
వేలు మిగిలింది.

చెవుల పిల్లి అంటే ఏమిటో చెప్పించుకుని
దగ్గొచ్చేదాకా నవ్వింది.
తరవాత అంది:
"వేలైనా చూపైనా దానికి ఒకటే, రెండూ తుపాకులే.
సూటిగా చూస్తే ఏదీ నిలవదమ్మాయ్.
అటెటో మబ్బుని చూస్తున్నట్టు నిలబడి
కంటి కొసతో దొంగిలించుకోవాలి.
నడిమి చూపు నేనెప్పుడు వాడాను గనక?"

మాట బావుంది.
అయితే షెడ్డుకి తిరిగొచ్చాక
టీ కప్పు పక్కన పోసింది.
పొగలు కక్కే నీళ్ళు బల్ల మీదుగా
రాత్రి గీసిన కాగితం కిందకి పాకుతుంటే
ఇద్దరం చూస్తూ ఉండిపోయాం.
నేను చూస్తూ. ఆవిడ
నా మొహానికి కొంచెం ఎడంగా చూస్తూ.
అప్పుడు టిష్యూ అడిగింది.
నా దగ్గర లేదు.

మార్చిలో మళ్ళీ పరీక్ష.
గీతలు ఎక్కడ వంగాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టమని
అదే గళ్ళకాగితం ఇచ్చాను.
చాలాసేపు పట్టింది. బయట ఇద్దరు కాచుకుని ఉన్నారు.
ఇచ్చి వెళ్ళాక చూశాను.
వంగిన గీతలన్నీ కలిసి ఒక వాగు,
రెండు మలుపులు తిరిగి గడుల్లోకి ఇంకింది.
నడుమ, ఏమీ లేదన్న చోట, ఏమీ గీయలేదు.
మూలన మాత్రం
ఎగరబోతూ ఇంకా ఎగరని
ఎర్రకాళ్ళ ఉల్లంకి ఒకటి.

ఫైల్లో పెట్టమన్నాడు డాక్టర్.
పెట్టాను,
ఫోటోకాపీ.